నలభై రోజుల పథ్యం

మా అన్నయ్య ఆ చూర్ణం డబ్బాను నా బల్ల మీద పెట్టినప్పుడు నేను ఒక చెరువు నీళ్ళలో అమ్మోనియా ఎంతుందో చూస్తున్నాను. భీమవరంలో రొయ్యల రైతుల కోసం నడిచే చిన్న పరీక్షాశాల మాది. రైతులు సీసాల్లో నీళ్ళు తెస్తారు. ఉప్పదనం, క్షారత, అమ్మోనియా కొలిచి కాగితం మీద రాసి ఇస్తాను. కొందరు నీళ్ళతో పాటు మందుల ప్యాకెట్లు కూడా పట్టుకొస్తారు. "ఇది చల్లితే రొయ్యకి ఆకలి పెరుగుద్దంటండి, నిజమేనా?" అని అడుగుతారు. ప్యాకెట్ మీద రాసిన ప్రతి మాటకూ ఆధారమేదని అడగడం నాకు చదువు వల్ల అబ్బిందో, పుట్టుకతోనే ఉందో చెప్పలేను. ఇంట్లోవాళ్ళు మాత్రం దాన్ని నా రోగం అంటారు.

"ఏంటిది?" అన్నాను.

"చూర్ణం. నిడదవోల్లో ఒక వైద్యుడు గారు ఇచ్చారు. నిద్రకి, మనసుకి, నరాలకి."

"మూడింటికీ ఒకటేనా?"

"నీ వెటకారం నీ రైతుల దగ్గర పెట్టుకో. టెస్ట్ చెయ్యి. నువ్వు బావుందంటే వాడతాను. బాలేదంటే గోదాట్లో పారేస్తాను."

"గోదాట్లో చేపలేం పాపం చేశాయి?"

అతను నవ్వాడు. కానీ డబ్బా మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆ చెయ్యి సన్నగా వణుకుతోంది. ఆ వణుకు కోసమే వచ్చాడని అప్పుడు నాకు అర్థమైంది.

అన్నయ్య తణుకులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాడు. అతనికున్నది బైపోలార్ అని రాజమండ్రిలో ఒక మానసిక వైద్యురాలు తేల్చి పన్నెండేళ్ళయింది. అప్పటి నుంచి లిథియం మాత్రలు వేసుకుంటున్నాడు. అంతకు ముందు ఒక వేసవిలో అతను వారం రోజుల పాటు సరిగా నిద్రపోకుండా ఇంటికి రంగులు వేయించాడు. అవి ఆరకముందే నచ్చలేదని మళ్ళీ మొదలుపెట్టించాడు. ఆ తరువాత నాలుగు నెలలు మంచం దిగలేదు. మాత్రలు మొదలయ్యాక ఆ రెండు రకాల రోజులూ మా ఇంటికి తిరిగి రాలేదు. నా దృష్టిలో అది చాలా పెద్ద విషయం. అతని దృష్టిలో దానికి ఎదురుగా నిలిచినది ఆ మాత్రల వల్ల వణికే చెయ్యి. నల్లబల్ల మీద ఏ సాధనమూ లేకుండా ఒక్క ఊపున వృత్తం గీస్తాడని కాలేజీలో అతనికి పేరు. ఈ మధ్య ఆ గీత అలలు అలలుగా వస్తోంది. "సార్, కోడిగుడ్డు వచ్చిందండి" అని వెనక బెంచీలోంచి ఒకడు అన్నాడట. క్లాసంతా నవ్వింది. అతనూ నవ్వానని చెప్పాడు. ఎప్పుడో ఫిబ్రవరిలో జరిగిన సంగతిని ఏప్రిల్‌లో నాకు మూడోసారి చెబుతున్నాడు కాబట్టి ఆ నవ్వు ఎలాంటిదో ఊహించగలను.

రెండు భయాలు నన్ను నిలవనివ్వలేదు. మొదటిది, ఆ పొడిలో సీసమో పాదరసమో ఉంటుందని. రెండవది, దీన్ని నమ్ముకుని అతను లిథియం మానేస్తాడని. నా పరీక్షాశాలలో లోహాలు చూసే యంత్రం లేదు. కొంత పొడిని వేరే సీసాలోకి తీసి, హైదరాబాదులో అలాంటి పరీక్షలు చేసేచోటికి పంపాను. ఫలితం వచ్చేలోగా డబ్బా మీది మాటలను ఒక్కొక్కటిగా కాగితం మీదికి ఎక్కించాను. అశ్వగంధ, బ్రాహ్మి, శంఖపుష్పి, జటామాంసి. ఒక్కొక్కదాని మీద దొరికినంత మేరకు చదివాను. కలతకూ నిద్రకూ కొంత మేలు కనిపించిందన్న చిన్న పరిశోధనలు కొన్ని ఉన్నాయి. అన్నయ్యకున్న జబ్బును అదుపు చేస్తుందనడానికి నమ్మదగినదేదీ నాకు దొరకలేదు. అశ్వగంధ కొందరిలో థైరాయిడ్‌ను కదిలిస్తుందన్న హెచ్చరిక కనిపించింది. లిథియం కూడా థైరాయిడ్ జోలికి పోయే మందే కనుక ఆ పంక్తి కింద రెండు గీతలు గీశాను. చదివిన వాటినే మళ్ళీ చదివాను. పడుకున్నాక లేచి, ఒక మాట సరిగ్గా చూశానో లేదోనని కాగితం మళ్ళీ తీసిన సందర్భాలు ఉన్నాయి.

లోహాలు హద్దుల్లోపే ఉన్నాయని రిపోర్టు వచ్చింది. అన్నయ్యకు ఫోన్ చేసి, బాగా ఆలోచించి కూర్చుకున్న వాక్యం చెప్పాను. "ఇందులో విషం ఉందనడానికి ఆధారం దొరకలేదు. నీ జబ్బుకి పనిచేస్తుందనడానికీ దొరకలేదు. మీ డాక్టరు గారికి చెప్పకుండా మొదలుపెట్టకు. లిథియం ఒక్క పూట కూడా మానకు."

అందులో తప్పేమీ లేదు. అయితే తణుకు చేరేసరికి అది "చెల్లెలు టెస్ట్ చేసి బావుందంది" అని మారింది. నాలుగు రోజుల తరువాత వాళ్ళ పక్కింటావిడ నాకు ఫోన్ చేసి, "మీరు పరీక్ష చేసిన చూర్ణం మా ఆడపడుచుక్కూడా ఓ డబ్బా చెప్పండి, పుణ్యముంటుంది" అంది.

"డాక్టరు గారికి చెప్పావా?" అని అన్నయ్యను నిలదీశాను.

"చెబుతాలే. ముందు వాడి చూడనీ."

"మాత్రలో?"

"వేసుకుంటున్నానే. కావాలంటే రోజూ ఫోటో పెడతాను, సరేనా?"

సరేనన్నాను. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం మాత్రల అట్టలో ఖాళీ అయిన గుంత ఫోటో నా ఫోన్‌కు వచ్చేది. కింద "హాజరు" అని రాసేవాడు. ఒక రోజు ఆలస్యమైతే నేను పదే పదే ఫోన్ తీసి చూసేదాన్ని. పది రోజులు ఒక్క ఫోటో కూడా తప్పలేదు. బాగా నిద్రపడుతోందని కూడా చెప్పాడు. అది చూర్ణం వల్లనా, కాలేజీకి సెలవులిచ్చినందువల్లనా, ఇంట్లో అందరూ అతని చుట్టూ తిరుగుతున్నందువల్లనా అన్నది తేల్చే మార్గం లేదు. తేల్చలేనని తెలిసీ దాని గురించే ఆలోచించేదాన్ని.

మే నెల మొదట్లో ఒక ఆదివారం తణుకు వెళ్ళాను. ఎండ ఎంత తీవ్రంగా ఉందంటే బస్సు కిటికీ చువ్వ మీద చెయ్యి ఆననివ్వలేదు. అన్నయ్య తడిసిన బనీనుతో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. భోజనానికి కూర్చున్నాం. మొదటి ముద్దకే తల ఎత్తి చూశాను.

"వదినా, పప్పులో ఉప్పు మర్చిపోయావు."

"మర్చిపోలేదమ్మాయ్. చప్పిడి పథ్యం. చూర్ణం వాడినన్నాళ్ళూ ఉప్పు, పులుపు, కారం తగ్గించాలని వైద్యుడు గారు చెప్పారు. నలభై రోజులు. నీకు ఆవకాయ వేశాను కదా, కలుపుకో."

"తగ్గించడం అంటే మానెయ్యడమా?"

"తగ్గిద్దామంటే చెయ్యి ఊరుకోదు. ఓ పూట ఎక్కువ పడిపోద్ది. అసలు లేకుండా చేస్తే గొడవే లేదు. నేనూ ఇదే తింటున్నాను. మీ అన్నయ్య ఒక్కరూ చప్పిడి తింటుంటే నాకు ముద్ద ఎలా దిగుద్ది?"

మా వైపు ఇళ్ళలో అది మామూలే. పథ్యం చేసే మనిషిని ఒంటరిగా వదలరు. ఇల్లంతా అదే తింటుంది. వండే మనిషి ఎంత గట్టిగా పట్టిస్తే అంత ప్రేమ ఉన్నట్టు లెక్క. వదిన మజ్జిగలో కూడా ఉప్పు వెయ్యలేదు. అన్నయ్య ముఖం చిట్లించి, "జైల్లో కూడా ఇంతకన్నా రుచిగా పెడతారేమోనే" అన్నాడు. "జైల్లో అయితే ఇలా విసనకర్ర పట్టుకుని ఎవరూ కూర్చోరు, తినండి" అంది వదిన.

నేను ఆవకాయ కలుపుకుంటూ ఆ రోజు అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "పోనీలే అన్నయ్యా, బీపీకి మంచిదే."

ఆ వేసవిలో నేను ఆధారం అడగకుండా ఒప్పుకున్న మాట అదొక్కటే. డబ్బా మీద రాసిన వాటిని అన్నింటినీ పరీక్షించాను. పథ్యం డబ్బా మీద లేదు. వైద్యుడి నోటి నుంచి వదిన చెవికి, అక్కడి నుంచి వంటింటికి వెళ్ళిపోయింది. నేను కూర్చున్న చోటికి ఒక కాగితంలా రాలేదు కాబట్టి నేను దాన్ని చూడనే లేదు. రోజుకు ఇరవై సీసాల్లో ఉప్పు కొలిచే మనిషిని. వాన పడి చెరువులో ఉప్పదనం దిగితే రైతు ఫోన్ చేసేలోపే నేనే ఫోన్ చేసి చెప్పేదాన్ని.

మరో పది రోజులకు ఒక సాయంత్రం ఫోటో రాలేదు. నేనే ఫోన్ చేశాను. అన్నయ్య మాట ముద్దగా ఉంది.

"నోట్లో ఏదైనా పెట్టుకుని మాట్లాడుతున్నావా?"

"లే...దే" అన్నాడు. ఆ చిన్న మాటకు చాలాసేపు తీసుకున్నాడు.

వదిన ఫోన్ అందుకుంది. "మూడ్రోజుల నుంచి వాంతులు, విరేచనాలు. చెయ్యి కూడా కాస్త ఎక్కువ వణుకుతోంది. లోపలున్నదంతా బయటికి పోతోందని అనుకుంటున్నాం. మందు పనిచేసేటప్పుడు అలాగే ఉంటదంట."

"మాత్రలు వేస్తున్నావా?"

"ఒక్కటి కూడా మానలేదమ్మాయ్. నీ ఫోటోల గొడవకి భయపడి నేనే దగ్గరుండి వేయిస్తున్నాను. ఇవాళ ఫోటో తియ్యడం ఒకటే మర్చిపోయాను."

ఆ జవాబుకు నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. నా భయమంతా అతను లిథియం మానేస్తాడనే. లిథియం ఎక్కువవుతుందన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. అయినా కుదురుగా ఉండలేకపోయాను. తెల్లవారాక పరీక్షాశాలకు వెళ్ళి ఒకే సీసాను రెండుసార్లు పరీక్షించి, రెండు ఫలితాలనూ తప్పు పేరు కింద రాశాను. ఆ కాగితం చించేసి, తణుకు బస్సెక్కాను.

అన్నయ్య నాకు ఎదురు రావడానికి లేచాడు. చెరువు గట్టు మీద తడిమట్టిలో నడిచేవాడిలా కాళ్ళు ఎడంగా వేస్తూ, ఒక చెయ్యి గోడకు ఆనిస్తూ వచ్చాడు. చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాడు. నా మనసు వెంటనే డబ్బా మీదికి వెళ్ళింది. నేను పరీక్షకు పంపినది మొదటి డబ్బాలోది. ఇప్పుడు వాడుతున్నది రెండోది. అందులో ఏదో కల్తీ జరిగి ఉండాలి. బీరువా పైనుంచి డబ్బా దింపి, అడుగున ముద్రించిన అంకెలు కిటికీ వెలుగులో చదవడం మొదలుపెట్టాను. అతను నా కళ్ళ ముందు తూలుతుంటే నేను అంకెలు చదువుతున్నాను.

వదిన మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఒక గుక్క తాగి, "కాస్త ఉప్పు వెయ్యి వదినా" అన్నాను.

"ఉప్పు లేదమ్మాయ్. నువ్వు మొన్న వెళ్ళాక ఆవకాయ జాడీ కూడా మా అమ్మా వాళ్ళింటికి పంపేశాను. ఇంట్లో ఉంటే మీ అన్నయ్య దొంగతనంగా నాకేస్తున్నారు."

"ఎన్నాళ్ళుగా లేదు?"

"మొదలెట్టిన దగ్గర్నుంచీ. ముప్పయ్యో ముప్పై రెండో రోజులు."

గ్లాసు కింద పెట్టాను. పన్నెండేళ్ళ కిందట, మొదటిసారి లిథియం రాసిన రోజు, రాజమండ్రిలో ఆ వైద్యురాలి ఎదుట అన్నయ్య పక్క కుర్చీలో కూర్చున్నది నేనే. "ఉప్పు మామూలుగా తినండి. తగ్గించొద్దు. ఎండాకాలం నీళ్ళు బాగా తాగండి" అని ఆవిడ చెప్పారు. ఎందుకో కూడా చెప్పారు. ఒంట్లో ఉప్పు తగ్గితే మూత్రపిండాలు ఉన్న ఉప్పును బయటికి పోనివ్వకుండా పట్టుకుంటాయి, దానితో పాటు లిథియాన్నీ పట్టుకుంటాయి. అప్పుడు రోజూ వేసుకునే మాత్రే ఒంట్లో పేరుకుని విషమవుతుంది. నేను తల ఊపాను. రసాయనశాస్త్రం చదివిన మనిషిని కాబట్టి నాకు వెంటనే అర్థమైంది కూడా. మరో మూడేళ్ళకు అన్నయ్యకు పెళ్ళి కుదిరినప్పుడు వదిన వాళ్ళకు జబ్బు సంగతి దాచకుండా చెప్పాం. మాత్రల సంగతి చెప్పాం. ఉప్పు సంగతి, రేపటి నుంచి అతనికి అన్నం వండబోయే మనిషికి, ఎవరమూ చెప్పలేదు.

వైద్యురాలికి ఫోన్ చేశాను. "మాత్ర ఆపండి. ఉన్నపళంగా తీసుకొచ్చెయ్యండి" అన్నారు ఆవిడ. అద్దె కారులో రాజమండ్రి బయలుదేరాం. దారి పొడవునా నేను అన్నయ్యను తేదీ అడుగుతూ, ఎక్కాలు అప్పజెప్పమంటూ వచ్చాను. పదిహేడో ఎక్కం మధ్యలో ఆగిపోయి, "నువ్వు... కాసేపు... ఊరుకోవే" అన్నాడు. రావులపాలెం దాటి వంతెన ఎక్కేసరికి నిద్రలోకి జారిపోయాడు. వదిన అతని తలను ఒళ్ళోకి తీసుకుని, నిమిషానికోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

రక్తంలో లిథియం ఉండవలసినదానికి రెట్టింపు దాటి ఉంది. మూత్రపిండాలు అలిసిపోయాయన్నారు. సెలైన్ ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమయ్యేదని నేను అడిగాను. అడగకపోతే నాకు నిలవదు. వైద్యురాలు చెప్పారు. అది ఇక్కడ రాయను.

మర్నాడు వరండాలో బల్ల మీద కూర్చుని వదిన నన్ను అడిగింది. "నేనే చేశానా అమ్మాయ్?"

"అలా కాదు వదినా. కిడ్నీ ఏం చేస్తుందంటే..."

"నాకు కిడ్నీ పాఠం వద్దు. చేశానా లేదా, అది చెప్పు."

మాటను చెక్కుకోవడానికి సమయం లేదు. "ఉప్పు తీసింది నువ్వు. తీస్తే మంచిదేనన్నది నేను. పన్నెండేళ్ళ కిందట తెలిసి కూడా నీకు చెప్పనిదీ నేనే."

"నువ్వు ఆ పూట ఒక్కమాట వద్దని ఉంటే వేసేదాన్ని. నీ మాట ఎప్పుడు కాదన్నాను?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏదో ఒకటి తిరిగి అనగలిగేదాన్ని.

అన్నయ్య మాట నాలుగో రోజుకు సర్దుకుంది. ఐదో రోజు నేను నిడదవోలు వెళ్ళాను. ఆ వైద్యుణ్ణి దోషిగా నిలబెట్టాలన్న ఆత్రం నాలో ఉందని ఒప్పుకోవాలి. ఆయన పెద్ద వయసు మనిషి. నేను చెప్పింది పూర్తిగా విన్నారు. లేచి, అట్ట ఊడిపోతున్న ఒక పుస్తకం తెచ్చి పేజీ తిప్పి చూపించారు. అన్నయ్య వయసు, లక్షణాలు, వాటి కింద "ఇతర మందులు: లేవు" అని ఉంది.

"అడిగానండి. రెండుసార్లు అడిగాను. ఏ మందులూ వాడటం లేదన్నారు. మాష్టారు కదా, అబద్ధం చెబుతారని ఎలా అనుకుంటాం? ఉప్పు కూడా తగ్గించమన్నాను గానీ మానెయ్యమనలేదమ్మా. ఆ మాత్రలు వాడుతున్నారని తెలిస్తే నేను అసలు ఇచ్చేవాణ్ణే కాదు."

"నరాలకి కూడా పనిచేస్తుందని డబ్బా మీద రాశారు. దేని ఆధారంతో?"

"అది మా తాతల నాటి నుంచీ ఉన్న మాటండి."

"అది ఆధారం కాదండి."

"కాకపోవచ్చు" అన్నారు ఆయన, ఏ మాత్రం నొచ్చుకోకుండా. "మీరు పరీక్ష చేయించారటగా, ఏం తేలింది?"

"విషం లేదని తేలింది."

"హమ్మయ్య" అన్నారు నిజంగానే తేలికపడి. నేను తగాదాకు సిద్ధమై వెళ్ళాను. తగాదా పెట్టుకోవడానికి అక్కడ సరైన మనిషి లేడు. స్టేషన్‌కు నడిచి వచ్చి, రైలు రావడానికి గంట ఉందంటే ప్లాట్‌ఫారం ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూ గడిపాను.

వైద్యుడితో ఏ మందులూ లేవని ఎందుకన్నావని అన్నయ్యను ఆస్పత్రిలోనే అడిగాను. "అక్కడ పక్క బెంచీ మీద మా సెకండియర్ పిల్లాడి నాన్న ఉన్నాడే. ఆయన వింటుండగా పిచ్చి మాత్రలు వాడుతున్నానని చెప్పమంటావా?" అన్నాడు. "మరి డాక్టరు గారికి చూర్ణం సంగతి ఎందుకు చెప్పలేదు?" అంటే, "ఆవిడ తిడతారు" అన్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి.

ఇంటికి పంపే రోజు వైద్యురాలు మాత్రలు మార్చి రాశారు. లిథియం కొన్ని వారాలు ఆపుతున్నామని, మూత్రపిండాలు కోలుకున్నాక తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా చూద్దామని, ఈలోగా నిద్ర తగ్గినా మాట వేగం పెరిగినా ఆ రోజే తనకు తెలియాలని చెప్పారు. "ఇంకేమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగారు. పన్నెండేళ్ళుగా ఆ ప్రశ్నకు అతని జవాబు "బానే ఉన్నానండి" అనే. నేను నా చీటీలో రాసుకున్న ప్రశ్నలు తీశాను. వదిన నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. నేను చీటీ మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

"చెయ్యి వణుకుతుందండి" అన్నాడు అన్నయ్య చివరికి. "పిల్లలు నవ్వుతున్నారు."

"ఎన్నాళ్ళుగా?"

"నాలుగైదేళ్ళు."

"నాలుగైదేళ్ళుగా వణుకుతుంటే ఇప్పుడా చెప్పేది! దానికి చెయ్యగలిగినవి ఉన్నాయండీ బాబూ" అన్నారు ఆవిడ పెన్ను బల్ల మీద పడేసి.

తరువాతి వారాలు నాకు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. లిథియం లేని మా అన్నయ్యను పన్నెండేళ్ళుగా నేను చూడలేదు. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చేసేదాన్ని. ఎన్ని గంటలు నిద్రపోయాడో, ఎంత వేగంగా మాట్లాడుతున్నాడో, ఏదైనా కొత్తగా కొనాలంటున్నాడో వదినను విడిగా అడిగి, రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూసేదాన్ని. అది అతనికి తెలిసిపోయింది. "నేనేమన్నా రొయ్యల చెరువునా, పూటకోసారి శాంపిలు తీస్తున్నావు?" అని కసిరాడు. రెండు రోజులు ఫోన్ చెయ్యకుండా ఉండటానికి ప్రయత్నించాను. మొదటి రోజు సాయంత్రం వరకు ఉండగలిగాను. రెండో రోజు ఒక రైతుకు ఫలితం చెబుతూ మధ్యలో ఆపి, ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేశాను. ఆయన "ఏంటండి, అంత బాలేదా నా చెరువు?" అని కంగారుపడ్డాడు.

మూడో రోజు పొద్దున్నే, నేను ఇంకా పరీక్షాశాల తలుపు తీస్తుండగా అన్నయ్యే ఫోన్ చేశాడు.

"రాత్రి నాలుగు గంటలే నిద్రపట్టిందే" అన్నాడు. "మొన్న కూడా అంతే. మీ వదినకి చెప్పాను. డాక్టరు గారికి ఇందాకే ఫోన్ చేశాను. పదకొండింటికి రమ్మన్నారు."

"నేనొస్తాను. ఇప్పుడే బయలుదేరతాను."

"వద్దు. మేమిద్దరం వెళ్తున్నాం. ఆవిడ ఏం చెప్పారో సాయంత్రం చెబుతాను."

"మాట వేగం..."

"వేగంగా ఉందా? నువ్వే చెప్పు."

విన్నాను. ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. ఆ మాటే అతనితో అన్నాను. "సరే అయితే, అది కూడా ఆవిడకి చెబుతాను" అని అతను ఫోన్ పెట్టేశాడు. నేను తాళంచెవి చేతిలో పట్టుకుని, సీసాలతో వచ్చిన ముగ్గురు రైతుల మధ్య, సాయంత్రానికి ఇంకా ఎన్ని గంటలుందో లెక్కపెడుతూ నిలబడ్డాను.